కొండ మీద నాటిన మొక్కకు ఎంత ఎండ కావాలి?

ఏటా జులైలో నాలుగు వానలు పడగానే మన దగ్గర మొక్కలు నాటే హడావిడి మొదలవుతుంది. సాలూరు, పార్వతీపురం, పాలకొండ, సీతంపేట వైపు కొండవాలుల్లో గుంతలు తీస్తారు. నర్సరీ నుంచి ట్రాక్టర్లలో సంచి మొక్కలు దిగుతాయి. ఫొటోలు తీసుకుంటారు. మరుసటి మే నెలలో అదే వాలు ఎక్కి చూస్తే చాలా గుంతల్లో ఎండిన పుల్లలే కనిపిస్తాయి. ఏమైందని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే మాట: నీళ్లు లేక పోయాయండీ.

అబద్ధమేమీ కాదు. కానీ అంతకుముందు ఏం జరిగిందో ఆ మాట చెప్పదు. మే నెలలో నీళ్లు లేక చచ్చిన మొక్కల్లో చాలావాటికి గండం అంతకు ఆరేడు నెలల ముందే, వెలుతురు దగ్గర మొదలై ఉంటుంది. కొన్ని చిక్కటి నీడలో పడి, వానాకాలమంతా ఉండి కూడా వేరు దించుకోలేకపోయాయి. కొన్ని నర్సరీ నీడలో సుకుమారంగా పెరిగి, ఒక్క రోజులో బోడి కొండ మీదికి వచ్చిపడ్డాయి. చావు ఒకలాగే కనిపిస్తుంది, కారణాలు మాత్రం వేరు.

మొక్కకు ఎండ కావాలని చిన్నప్పుడే చదువుకున్నాం. ఎంత కావాలి, ఏ నెలలో కావాలి, ఏ దిక్కు నుంచి కావాలి, ఏ రంగు వెలుతురు కావాలి అనే దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. పైగా శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో ఉన్నవి ఎక్కువగా ఆకురాల్చే అడవులు (2022లో జిల్లాలు విడగొట్టాక ఈ కొండల్లో పెద్ద భాగం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, అడవికి ఆ సంగతి తెలియదనుకోండి). ఇలాంటి అడవిలో నేల మీదికి ఎండ దండిగా దిగే రోజుల్లో మట్టిలో తడి ఉండదు. తడి ఉన్న రోజుల్లో నేల దాకా ఎండ దిగదు. లేత మొక్క బతుకంతా ఈ తిరకాసులోనే నడుస్తుంది.

కంటిని నమ్మొద్దు

మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నుంచి మామిడితోటలోకి అడుగుపెడితే ‘ఎండ సగానికి తగ్గింది’ అనిపిస్తుంది. నిజంగా తగ్గేది సగం కాదు. మన కంటిపాప నీడలోకి రాగానే పెద్దదై, తేడాను కప్పేస్తుంది. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని చూడండి. ఫోను సెన్సర్లు అంత కచ్చితమైనవి కావు గానీ పోలిక చూసుకోవడానికి పనికొస్తాయి. నడినెత్తి ఎండలో లెక్క ప్రకారం లక్ష లక్స్‌కి అటూఇటూ ఉండాలి. చిక్కగా అల్లుకున్న మామిడి కింద అది కొన్ని వేలకు పడిపోతుంది. మనకు హాయిగా పుస్తకం చదువుకునేంత వెలుతురు అది. దాని కిందే మొలిచిన మొక్కకు కటిక కరువు.

శాస్త్రవేత్తలు లక్స్ వాడరు. ఆకుకు పనికొచ్చే వెలుతురు కణాలు చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో మైక్రోమోల్స్‌లో కొలుస్తారు. మబ్బులేని మధ్యాహ్నం ఆ అంకె 2,000 దగ్గర ఉంటుంది. ఎప్పుడూ పచ్చగా ఉండే దట్టమైన వానడవుల్లో నేల దాకా దిగేది అందులో 1, 2 శాతం మాత్రమే. మన కొండల అడవి అంత చిక్కన కాదు, చోటును బట్టి, నెలను బట్టి బాగా మారుతుంది.

ఇక ఆకు సంగతి. ఆకుకు రాబడి ఉంటుంది, ఖర్చూ ఉంటుంది. వెలుతురు పడినప్పుడు చక్కెర తయారుచేసుకోవడం రాబడి. రాత్రనక పగలనక ఊపిరి పీల్చుకోవడానికి ఆ చక్కెరను కాల్చుకోవడం ఖర్చు. వెలుతురు ఒక మట్టం కంటే తగ్గితే ఖర్చు రాబడిని మించిపోతుంది. నీడకు అలవాటుపడ్డ ఆకుకు ఆ మట్టం 5, 10 మైక్రోమోల్స్ దగ్గరే ఉండొచ్చు. ఎండలో పెరిగిన ఆకుకు 20, 30 దాకా కావాలి. పైవైపు కూడా హద్దుంది. నీడ ఆకు రెండు మూడు వందల దగ్గరే ‘ఇక చాలు’ అంటుంది. ఎండ ఆకు వెయ్యి దాకా వాడుకోగలదు. ఆ పైన పడేదంతా ఆకుకు భారమే, వేడిగా మార్చి వదిలించుకోవాలి. వదిలించుకునే ఏర్పాటు సరిగా లేని ఆకు పాలిపోయి మాడుతుంది.

ఒక ఆకు ఖర్చు వేరు, మొత్తం మొక్క ఖర్చు వేరు. ఆకులు సంపాదించిన దాంతో కాండం, వేరు కూడా బతకాలి. మొక్క పెరిగేకొద్దీ పోషించాల్సిన ఒళ్లు పెరుగుతుంది, పైనున్న నీడ మాత్రం మారదు. అందుకే మోకాలెత్తు దాకా బాగానే వచ్చిన మొక్క నడుమెత్తుకు వచ్చేసరికి అదే నీడలో చిక్కిపోవడం మొదలుపెడుతుంది. ‘రెండేళ్లు బతికింది కదా, ఇక ఢోకా లేదు’ అనుకోవడానికి లేదు.

నీడకు రంగుంది

చెట్టు నీడకీ గోడ నీడకీ తేడా ఉంది. గోడ అన్ని రంగుల్నీ ఒకేలా ఆపుతుంది. ఆకులు ఎరుపునీ నీలాన్నీ పీల్చేసుకుని, ఆకుపచ్చలో కొంత వదిలేస్తాయి. ఎరుపుకు అవతలి అంచున, మన కంటికి దాదాపు ఆనని రంగు ఒకటుంది, దాన్ని దూర ఎరుపు అంటారు. దాన్నయితే ఆకులు పట్టించుకోకుండా కిందికి పోనిస్తాయి. బయట ఎండలో ఈ రెండు ఎరుపులూ ఇంచుమించు సమానం. చెట్టు కింద మామూలు ఎరుపు బాగా తగ్గి, దూర ఎరుపు పైచేయి అవుతుంది.

మొక్క ఈ నిష్పత్తిని చదువుతుంది. 1952లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు హారీ బోర్త్‌విక్, స్టెర్లింగ్ హెండ్రిక్స్ బృందం లెట్యూస్ ఆకుకూర గింజల మీద చేసిన ప్రయోగం దీనికి మొదలు. గింజలకు ఎరుపు వెలుగు చూపితే మొలిచాయి. వెంటనే దూర ఎరుపు చూపితే మొలవడం మానేశాయి. మళ్లీ ఎరుపు చూపితే మళ్లీ సిద్ధం. ఎన్నిసార్లు అటూఇటూ మార్చినా చివరగా చూపిన రంగుదే తీర్పు. ఇది చేసే పదార్థానికి తర్వాత ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. మొక్కల్లో ఆకు నుంచి గింజ దాకా అది ఉంటుంది.

ఎండ లేకపోతే బతకలేని జాతుల్లో ఈ రంగు మారగానే కంగారు మొదలవుతుంది. కాండం సాగుతుంది, కణుపుల మధ్య ఎడం పెరుగుతుంది, పక్క కొమ్మలు ఆగిపోతాయి, ఉన్న బలమంతా పైకే పోతుంది. ఇంకా నీడ పడకముందే, పక్క మొక్క ఆకుల మీద నుంచి తిరిగివచ్చిన దూర ఎరుపును పసిగట్టే ఈ పరుగు మొదలుపెట్టగలవు. తీరం ఇసుకలో సరుగుడు వేసేవాళ్లు తెలిసో తెలియకో వాడుకునేది ఈ గుణాన్నే. మీటరుకొక మొక్క చొప్పున ఎకరాకి నాలుగు వేలు కుక్కి నాటితే పక్కకు పోయే దారిలేక నిటారుగా లేస్తాయి, కింది కొమ్మలు వాటంతటవే ఎండి రాలతాయి, సరుగుడు బాదులకు కావాల్సింది అదే. అయితే వరసలో వెనకబడ్డ మొక్క ఇక కోలుకోదు, బెత్తంలాగే ఉండిపోతుంది.

నీడను ఓర్చుకునే జాతులు వేరే దారి పట్టాయి. ఇరవై మీటర్ల పందిరి కింద అడుగెత్తు మొక్క ఎంత సాగితే మాత్రం ఎండ అందుతుందా? అందుకే అవి సాగవు. ఆకును గట్టిగా చేసుకుంటాయి, పురుగు కొరకని పదార్థాలు నింపుకుంటాయి, వేరులో కొంత దాచుకుంటాయి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నీడకు ఓర్చే మొక్క అంటే నీడలో వేగంగా పెరిగే మొక్క అనుకుంటాం. అలా ఉండదు. పనామా అడవుల్లో జరిగిన పరిశోధనల నుంచి ఇప్పటిదాకా తేలుతున్నది ఏమిటంటే, నీడలో కూడా మొదట్లో గబగబా పెరిగేవి చాలాసార్లు ఎండను కోరే జాతులే, త్వరగా చచ్చేవీ అవే. నీడ జాతులు నెమ్మదిగా పెరుగుతాయి, కానీ బతికి ఉంటాయి.

గింజ సైజు కూడా ఇక్కడ పట్టించుకోవాల్సిందే. పనస, మామిడి లాంటి పెద్ద గింజ తల్లి కట్టిచ్చిన తిండితో కొన్ని వారాలు వెలుతురు గొడవ లేకుండా లాక్కొస్తుంది. బండారు చెట్టు గింజ కంటికి ఆననంత చిన్నది, అందులో దాచిన తిండి దాదాపు లేనట్టే. రాలిన ఆకుల మందం మీద పడితే దానికి దిక్కులేదు. కొండచరియ జారిన చోటో, రోడ్డు తవ్విన గట్టు మీదో, వెలుతురు పడే ఉత్త మట్టి మీద అయితే గుంపుగా లేస్తుంది.

ఒకే చెట్టు పిక్కలు రెండు

ఇవన్నీ ఒక్కచోట చూడాలంటే ఉద్దానం తోటలకి వెళ్లాలి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడిమామిడి, పనస కలగలిసిన తోటల్లో వానాకాలంలో పనసపిక్కలు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. తల్లిచెట్టు మొదట్లో మొలిచిన మొక్కనొకటి, కంచె పక్కన ఎండలో మొలిచిన మొక్కనొకటి ఎంచుకుని దగ్గర కూర్చుని చూడండి.

చెట్టు కింది మొక్క ఆకులు వెడల్పుగా, ముదురు పచ్చగా, వేళ్ల మధ్య పెట్టి నలిపితే కాగితంలా పల్చగా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి నీడ పడకుండా నేలకు సమాంతరంగా పరుచుకుంటాయి. కాండం సన్నం, కణుపుకూ కణుపుకూ మధ్య ఎడం ఎక్కువ. కంచె పక్కది పొట్టిగా, మొదట్లో లావుగా ఉంటుంది. ఆకులు చిన్నవి, మందంగా, మెరుస్తూ, పచ్చలో కాస్త పసుపు కలిసినట్టుంటాయి. మధ్యాహ్నం ఎండ నేరుగా తగలకుండా కాస్త ఏటవాలుగా నిలబడతాయి. రెండింటినీ మట్టితో సహా పెకలిస్తే అసలు తేడా బయటపడుతుంది. ఎండ మొక్క తల్లివేరు లోతుగా దిగి, చుట్టూ పీచువేళ్లు అల్లుకుని ఉంటాయి. నీడ మొక్క వేరు కురచ. వచ్చిన కొద్దిపాటి సంపాదనా ఆకు వెడల్పు చేసుకోవడానికే పెట్టేసింది, కిందికి పంపడానికి మిగల్లేదు.

మైక్రోస్కోపు కింద పెడితే, ఎండ ఆకు పైపొర కింద పచ్చటి నిలువు కణాలు రెండు వరసలుగా ఉంటాయి, నీడ ఆకులో సాధారణంగా ఒకటే వరస. ఆకు విచ్చుకునేటప్పుడే ఈ కట్టడం ఖాయమైపోతుంది. నీడలో తయారైన ఆకును ఎండలో పెట్టినా అది ఎండ ఆకుగా మారదు. మొక్క కొత్త చిగుళ్లు వేసుకోవాల్సిందే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే నర్సరీ గొడవ సగం అర్థమైనట్టే, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఇక నీడలో ఉన్న మొక్క ఏం తిని బతుకుతోంది? చాలావరకు ఎండమచ్చలు తిని. చెట్టు కింద నేల మీద గుండ్రంగా కదిలే వెలుగు మచ్చలు చూసే ఉంటారు. ఆకుల సందులు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రంగానే పడుతుంది, ఎందుకంటే ఆ మచ్చ సూర్యుడి బొమ్మే. 2019 డిసెంబరు 26న మన దగ్గర పాక్షికంగా సూర్యగ్రహణం పట్టినప్పుడు చెట్ల కింద ఈ మచ్చలన్నీ కొరికిన బిళ్లల్లా కనబడ్డాయి. అడవి నేల మీది మొక్కకు రోజు మొత్తంలో అందే వెలుతురులో సగానికి పైన ఈ మచ్చల నుంచే వచ్చే చోట్లున్నాయి.

కానీ మచ్చ పడగానే ఆకు పని అందుకోలేదు. నీడలో ఉన్నంతసేపూ ఆకు తన పత్రరంధ్రాలను దాదాపు మూసుకుని, లోపలి ఎంజైములను పక్కన పెట్టి ఉంటుంది. పూర్తిగా పుంజుకోవడానికి పది నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఈలోపు మచ్చ జరిగిపోతుంది. మచ్చలు ఒకదాని వెంట ఒకటి వస్తే మాత్రం మొదటిది ఆకును లేపుతుంది, తర్వాతివి అక్కరకొస్తాయి. మట్టిలో తడి లేని రోజుల్లో నీరు పోతుందని ఆకు రంధ్రాలే తెరవదు, అప్పుడు ఎన్ని మచ్చలు పడినా వృథాయే.

ఎండ ఒక నెల, నీరు ఒక నెల

ఫిబ్రవరి నుంచి నల్లమద్ది, టేకు, ఏగిస ఆకు రాలుస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అడవి నేల మీదికి ఏడాదిలో ఎప్పుడూ లేనంత ఎండ దిగుతుంది. వెలుతురు కోసం మొహం వాచిన లేత మొక్కకు ఇది పండగ కావాలి. కాదు. అప్పటికి పై మట్టి గట్టిపడి ఉంటుంది, రాలిన ఆకు గలగలలాడుతుంటుంది, కొండకు నిప్పు పడేదీ ఈ రెండు నెలల్లోనే. చాలా చెట్లు వాన కోసం ఆగకుండా మే నాటికే చిగుళ్లు వేసేస్తాయి. పెద్ద చెట్ల వేళ్లు లోతుగా ఉంటాయి కాబట్టి అవి వేయగలవు. జూన్ నడుమకు నైరుతి వానలు అందుకునేసరికి పైన పందిరి మూసుకుంటుంది. జులై, ఆగస్టుల్లో కింద తడి పుష్కలం, పైన ఆకూ మబ్బూ.

మబ్బు విషయంలో ఒక మినహాయింపు చెప్పాలి. మబ్బు రోజున మొత్తం వెలుతురు తగ్గినా, అది ఒక్క దిక్కు నుంచి కాకుండా ఆకాశమంతటి నుంచీ వస్తుంది. ఆకుల సందుల్లోంచి అన్ని వైపులా దూరుతుంది. వచ్చిన దాంట్లో కిందికి దిగే వాటా పెరుగుతుంది. కాబట్టి వానాకాలం మొక్కకు పూర్తి చీకటేమీ కాదు, అరకొర.

అసలు మంచి రోజులు సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు దాకా. మబ్బు విడిపోతుంటుంది, మట్టిలో తడి ఇంకా ఉంటుంది, తుపాను వానలు మధ్యమధ్య పడుతుంటాయి. డిసెంబరు, జనవరి నాటికి తడి లోపలికి దిగిపోతుంది. మన జిల్లాల్లో ఏడాదికి సగటున 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది, అడవికి అది తక్కువేమీ కాదు. జూన్‌లో మొలిచిన మొక్క నవంబరు లోపల వేరును ఎంత లోతుకు దించిందన్న దాని మీదే ఏప్రిల్‌లో దాని ప్రాణం ఆధారపడుతుంది. వేరు దిగాలంటే చక్కెర కావాలి, చక్కెరకి వెలుతురు కావాలి. ఆ అయిదు నెలలూ చిక్కటి నీడలో గడిపిన మొక్క కురచ వేరుతో వేసవిలోకి అడుగుపెడుతుంది. చచ్చాక మనం ‘నీళ్లు లేవు’ అని రాసుకుంటాం.

అలాగని బోడికొండ మీద పెడితే సుఖపడుతుందా అంటే, అక్కడ తొలి వారాలే గండం. రెండు వానల మధ్య పది రోజులు ఎండ కాస్తే పై రెండు అంగుళాల మట్టి పూర్తిగా ఎండిపోతుంది, అప్పుడే మొలిచిన మొక్క వేరు ఇంకా ఆ రెండు అంగుళాల్లోనే ఉంటుంది. అందుకే మన లాంటి చోట్ల చాలా జాతుల లేత మొక్కలకు మొదటి ఏడాది కలిసొచ్చేది మధ్యరకం వెలుతురు. పూర్తి ఎండా వద్దు, పూర్తి నీడా వద్దు. రెండు మూడేళ్లు వచ్చి వేరు దిగాక ఆ నీడే గుదిబండ. టేకు, మద్ది, సరుగుడు, జీడిమామిడి మొదటి నుంచీ ఎండనే కోరతాయి. పనస, నేరేడు, కానుగ చిన్నప్పుడు నీడను బాగా ఓర్చుకుంటాయి.

ఈ తిరకాసుకి అడవి తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయం చూడాలంటే గుగ్గిలం చెట్టును చూడాలి. ఉత్తరాదిలో సాల్ అంటారే, అదే. దేశంలో సహజంగా పెరిగే గుగ్గిలం అడవులకు దక్షిణపు అంచు మన ఉత్తరాంధ్ర కొండలే. దాని గింజ సరిగ్గా వానల ముందు రాలుతుంది, వారం పది రోజులు దాటితే మొలిచే శక్తి పోతుంది. మొలిచిన మొక్క వేసవి వచ్చేసరికి పైన ఎండిపోతుంది. చచ్చిందనుకుంటాం. కింద వేరు బతికే ఉంటుంది. మళ్లీ వానకు కొత్త కాండం వేస్తుంది, మళ్లీ ఎండుతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగుతుంది, ప్రతి ఏడూ వేరు మాత్రం కాస్త లావెక్కుతుంది. ఎప్పుడో పైన ఒక చెట్టు పడి వెలుతురు దిగిన ఏడు, అంతకాలం దాచుకున్న వేరు బలంతో ఒక్కసారిగా లేచిన కాండం ఇక ఎండదు. మోకాలెత్తు గుగ్గిలం మొక్క కాండం వయసు ఒక్క ఏడాది, వేరు వయసు పదేళ్లు ఉండొచ్చన్నమాట. అడవిలో తుప్పలు కొట్టేవాళ్లు ‘చిన్న మొక్కే కదా’ అని తవ్వి పారేసేది ఒక్కోసారి అలాంటిదాన్నే.

ఖాళీలో ఏ మూల?

చెట్టు పడితే, లేదా నరికితే, పందిరిలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ అంతటా ఎండ ఒకేలా పడదు. ఇక్కడ అరసవల్లి గుర్తు చేసుకోవాలి. సూర్యనారాయణస్వామి పాదాలను సూర్యకిరణాలు తాకేది ఏటా రెండుసార్లు, మార్చి రెండో వారం దగ్గర ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి. సూర్యుడు ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి దిగుతూ ఒకసారి అదే దారిలో వస్తాడు కాబట్టి అలా జరుగుతుంది. గుడి కట్టినవాళ్లు వేసిన ఈ లెక్కను మొక్కలు నాటేటప్పుడు మనం అస్సలు వేయం.

శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలోనూ, జులై ఆఖర్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మధ్యలో కాస్త ఉత్తరానికే వాలతాడు. మిగతా ఏడాదంతా దక్షిణం వైపే. డిసెంబరు 21న మధ్యాహ్నం కూడా ఎత్తు 48 డిగ్రీలే. అంటే దక్షిణపు అంచున 15 మీటర్ల చెట్టుంటే దాని నీడ ఉత్తరంగా 13 మీటర్లు పడుతుంది. చిన్న ఖాళీ అయితే మొత్తం నీడలోనే. అక్టోబరు నడుమ అదే చెట్టు మధ్యాహ్నపు నీడ ఏడెనిమిది మీటర్లు. కొత్త వేరు దిగే మంచి రోజులు అక్టోబరు, నవంబరు అనుకున్నాం కదా. ఆ రోజుల్లో ఎండ పడేది ఖాళీలో ఉత్తరపు సగం మీద. మద్ది, టేకు లాంటివి అక్కడ పెట్టాలి, దక్షిణపు అంచు నేరేడుకీ పనసకీ వదలాలి. మధ్యలో తాడు పట్టి వరసగా గుంతలు తీస్తే చూడ్డానికి అందం, అంతే.

తూర్పు పడమరలకూ తేడా ఉంది. ఖాళీలో పడమటి అంచుకు పొద్దుటి ఎండ పడుతుంది. గాలి ఇంకా చల్లగా ఉంటుంది, ఆకు రంధ్రాలు తెరిచి ఉంటాయి, పడిన వెలుతురు పనికొస్తుంది. తూర్పు అంచుకు సాయంత్రపు ఎండ, వేడిగాలితో కలిసి వస్తుంది. అంతే వెలుతురు, సగం ఫలం. కొండవాలు ఎంపికలోనూ ఇదే పద్ధతి, పడమర దిగే వాలు మీద మొక్కలు తూర్పు వాలు కన్నా తొందరగా వాడతాయి.

ఖాళీ మరీ పెద్దదైతే మరో సమస్య. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో తరాల తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. పందిరి పోయిన నేల మీదికి గడ్డీ తుప్పా ముందు వస్తాయి. ఒక్క చెట్టు పడిన ఖాళీలో ఇంత జరగదు, అక్కడ ముందే కాచుకున్న మొక్కలు అందుకుంటాయి. పోడు కొట్టి వదిలేసిన వాలుల్లో అడవి తిరిగి రావడం ఎక్కువగా గింజల మీద ఆధారపడదు, నరికిన మొద్దుల పిలకల మీద ఆధారపడుతుంది. వాటికి వేరు ముందే ఉంది, వెలుతురు మాత్రమే కావాలి. సవర, జాతాపు గిరిజన రైతులు పోడులో మొద్దులు పెకలించకుండా నడుమెత్తులో నరికి వదిలే చోట అడవి త్వరగా లేస్తుంది. ట్రాక్టరుతో దున్నేసిన వాలు మీద అలా లేవదు.

లాంటానా, అదే తలంబ్రాల మొక్క, ఇవాళ మన కొండల్లో రెండో పందిరిగా తయారైంది. పై చెట్లు ఆకురాల్చినా మనిషెత్తున అది అల్లుకుని ఉంటే కింద మొలకకు దిగేది చీకటే. పీకాల్సిందే. అయితే ఏప్రిల్లో మొత్తం ఒకేసారి పీకి వాలును బోడి చేయడం నాకు సరైన పనిగా అనిపించదు. దాని నీడలో మొలిచిన మొక్కలవన్నీ నీడ ఆకులే, రెండు రోజుల్లో మాడతాయి. తొలకరి పడ్డాక, వాలుకు అడ్డంగా పట్టీలుగా తీసుకుంటూ పోతే మొక్కకు కొత్త ఆకు వేసుకునే వ్యవధి దొరుకుతుంది.

నర్సరీ నుంచి గుంతకు

ఇప్పుడు నర్సరీ దగ్గరికి వద్దాం. పచ్చ షేడ్‌నెట్ కింద, సగం ఎండలో, రోజూ నీళ్లతో, సంచికి సంచి ఆనించి పెంచిన మొక్క ఎలా ఉంటుంది? పక్క మొక్కల దూర ఎరుపు చూసి సాగి ఉంటుంది, ఆకులు పల్చగా ఉంటాయి, వేరు సంచి దాటదు. చూడ్డానికి మాత్రం ఏపుగా, పొడుగ్గా, ఫొటోకి బావుంటుంది. దాన్ని నేరుగా తెచ్చి బోడి వాలు మీద పెడితే పాత ఆకులు ఎండను వదిలించుకోలేక పాలిపోతాయి, కొత్తవి వేసుకోవడానికి దాచుకున్నది లేదు.

విరుగుడు ఖరీదైనదేమీ కాదు. నాటడానికి మూడు నాలుగు వారాల ముందే నెట్ కింది నుంచి బయటికి తీయాలి, మొదట పొద్దుటి ఎండకు, తర్వాత రోజంతా. సంచుల మధ్య ఎడం ఇవ్వాలి, నీళ్లు కాస్త తగ్గించాలి. ఆ వారాల్లో వచ్చిన చిగుళ్లు ఎండ ఆకులుగా వస్తాయి. మొక్కలు తీసుకునేటప్పుడు ఎత్తు చూడకండి, మొదలు లావు చూడండి. జానెడున్నర ఎత్తుండి మొదట్లో చిటికెనవేలంత లావున్న మొక్క, నడుమెత్తున్న పుల్లలాంటి దానికన్నా ఎన్నో రెట్లు నయం. టేకు విషయంలో మన అటవీ సిబ్బంది ఎప్పటి నుంచో స్టంపులు నాటుతున్నది చూస్తే ఈ కిటుకు అర్థమవుతుంది. బొటనవేలు లావు వేరు, పైన రెండంగుళాల మోడు, ఒక్క ఆకు ఉండదు. మాడిపోవడానికి పాత ఆకే లేదు కాబట్టి వేసే ప్రతి ఆకూ కొత్త చోటి ఎండకు తగ్గట్టే వస్తుంది.

బోడి వాలు మీద నాటక తప్పనప్పుడు, పోడులో ఎలాగూ వేసే కందిని వాడుకోవచ్చు. గుంతకు పడమర పక్కన, రెండడుగుల ఎడంలో నాలుగు గింజలు వేస్తే పొద్దుటి ఎండ మొక్కకు దక్కుతుంది, సాయంత్రపు మంట కందికి తగులుతుంది. కాయ కోసుకున్నాక కంపను నరికేయకుండా మే దాకా అలాగే నిలబెట్టి ఉంచాలి. రెండో తొలకరికి మాత్రం దాన్ని పీకేయాలి. అప్పటికి మొక్క వేరు దిగి ఉంటుంది, ఇక దానికి ఆకాశం కనబడాలి.